వెనక వరస లేని గది

బడి గుమ్మం తొక్కనివాళ్లకే బడి మీద భక్తి ఎక్కువని ఆ రోజుల్లో నన్ను చూస్తే తెలిసేది. నా చదువంతా వంటింట్లో, బియ్యం ఏరుతున్న నాయనమ్మ ఎదురుగా కూర్చుని నేర్చుకున్నదే. అలాంటిదాన్ని పెళ్లయి ఒమన్ వచ్చి, దార్సైట్ అనే పేటలో మా చిన్న హాల్లో ఆరుగురు పిల్లలకు తెలుగు చెప్పడానికి పూనుకున్నాను (దేవుడిచ్చిన ధైర్యం, ఇంకేమనను). బడన్నాక వరసలుండాలి కదా అని, మావారు పనిచేసే కట్టడాల సైట్ నుంచి ఖాళీ చెక్కపెట్టెలు తెప్పించి మూడు వరసలు వేయించి, గంజిపెట్టిన చీరలో ముందు కుర్చీ మీద కూర్చున్నాను. మావారు గుమ్మంలో నిలబడి, "ఇది బడా, బస్సా? టికెట్లు మీరే కొడతారా?" అన్నారు. పిల్లలకు అది చాలింది. మర్నాటి నుంచి పాఠం మధ్యలో "రైట్ రైట్" అని కేకలు.

చివరి పెట్టె మీద నిజామాబాద్ వైపు వాళ్ల పాప కూర్చునేది. నెలైనా నోరు విప్పలేదు. వాళ్లమ్మ వచ్చి, "ఏమనుకోకు అక్కా, దసరా దాంక చూస్త. అప్పటికి చదువు రాకుంటే దీన్ని ఊర్ల మా అమ్మ దగ్గర ఇడిసిపెట్టొస్త" అంది. అంటూనే పాప చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఆ వారంలోనే కింద ఇంటి ఒమానీ పెద్దావిడ మా అందరినీ కాఫీకి పిలిచింది. ఆ గదిలో కుర్చీ లేదు, బల్ల లేదు. నాలుగు గోడల వెంబడీ తివాచీలు, దిండ్లు, వాటి మీద ఆవిడ ఇంటివాళ్లు. నన్నూ పిల్లల మధ్యే కూర్చోబెట్టింది. పంచదార లేని ఆ కాఫీ మర్యాదకు తాగి కప్పు ఇచ్చాను. మళ్లీ నింపింది. తాగాను. మళ్లీ నింపింది. ఐదో కప్పుకు నాకు కళ్లనీళ్లొచ్చాయి. అప్పుడు ఎదుటి గోడ నుంచి ఒక సన్నటి గొంతు: "టీచరమ్మా, కప్పు ఇట్ల ఊపాలె. వాళ్లు ఊపుతుండ్రు సూడలే? లేకుంటే పోస్తనే ఉంటది."

మా మూగనోము పాప!

ఊపాను. పెద్దావిడ నవ్వి కప్పు అందుకుంది. నేను మాత్రం ఆ గదినే చూస్తూ ఉండిపోయాను. అందులో వెనక అనేదే లేదు. ఎవరు మాట్లాడినా అందరి ముఖాలూ ఎదురుగానే. నా బళ్లో ఆ పిల్ల నెల రోజులుగా చూసింది ముందువాళ్ల జడల్నే కదా.

ఆ సాయంత్రమే పెట్టెలు సైట్‌కి వెళ్లిపోయాయి. గోడల వెంబడి చాపలు పరిచాను, నేనూ చాప మీదికే దిగాను. దసరాకు ఆ పాప, వాళ్లమ్మ పేరు పలక మీద తనే రాసి, పైకి చదివింది. ఆ తల్లి కొంగుతో పలక అంచు తుడిచి, "ఇంక యాడికి పంపుత అక్కా" అంది.

నేనేదో నేర్పానని అందరూ మెచ్చుకున్నారు. నేనూ కాదనలేదు (చిన్నతనం!). ఆ పెద్దావిడకు ఒక్క ముక్క కృతజ్ఞత చెప్పడానికి నాకు అరబ్బీ రాలేదు. ఇప్పటికీ దేవుడి ముందు కూర్చున్నప్పుడు ఆమెకు చెప్పాల్సింది ఆయనకే చెప్పుకుంటున్నాను.