చింగాలే దాకా వినిపించే జియోనే టీచరమ్మ

జియోనే టీచరమ్మకు మెల్లగా మాట్లాడటం రాదు. అందులోనూ ఫోన్ చేతికొస్తే ఇక చెవులు మూసుకోవాల్సిందే.

జోంబా పట్నంలో మా ఆఫీసు పని, బడి దూరమైన పల్లె పిల్లలకు ఫోన్‌లో చదవడం నేర్పడం. పిల్లలు చదివేది కంప్యూటర్ వింటుంది. ఎవరెక్కడ తడబడ్డారో పట్టుకుని, రేపు ఎవరికి ఏ పాఠమో తేలుస్తుంది. చెప్పడం మా వంతు. టీచరమ్మ చెబితే జోంబా కొండ మీది కోతులకు కూడా అక్షరాలొచ్చేసేవి.

"టీచరమ్మా, ఆ గొంతుకి ఫోనెందుకు? కిటికీ తీస్తే చాలదూ!" అన్నాను.

"తీశాగా!" అని మళ్లీ అందుకుంది. "తియమికే! న్యుంబా అంటే ఇల్లు! న్యుబా అంటావేంటి, మధ్య గోడ కూలగొట్టావా?"

చింగాలే పల్లెలో ఉండే ఈ తియమికే దగ్గరే కంప్యూటర్‌కు మతిపోయింది. ఆ పిల్ల ఒకరోజు పేజీ గడగడా చదివేది. మర్నాడు అక్షరాలే రావు. ఆ మర్నాడు గొంతే మారిపోయేది. కంప్యూటర్ ఓ రోజు పెద్ద కథ, ఓ రోజు ఒట్టి అక్షరాలు ఇచ్చి ఇచ్చి చేతులెత్తేసింది.

మా ఆఫీసు పెద్దాయన చిలొంబో మండిపడ్డారు. "ఇదేదో మోసంలా ఉంది. ఆ పిల్ల పాఠాలు ఆపేస్తున్నా!"

టీచరమ్మ మొదటిసారి గొంతు తగ్గించింది. "ఆపేముందు ఒక్కసారి ఆ ఊరెళ్లి చూడండి, అయ్యగారూ."

నేనూ ఆయనా వెళ్లాం. తియమికే ఇంటి అరుగు మీద కుండ బోర్లించి, దానిమీద ఫోన్ పెట్టారు. చుట్టూ మోకాళ్లు రాసుకుంటూ పిల్లలు. పక్కనే మొక్కజొన్న మర. దాని హోరులో మామూలు మాట వినపడే ఆశే లేదు.

"ఇవాళ వంతెవరిది?" జోంబా నుంచి ఫోన్ అరిచింది.

"నాది!" వెనక వరసలోంచి ఓ బుడత లేచాడు.

"మరి నువ్వు?" చిలొంబో తియమికేని అడిగారు.

"నాది నిన్న అయిపోయింది తాతా. వీళ్ల ఇళ్లలో ఫోన్ లేదు కదా!"

చిలొంబో నావైపు తిరిగారు. "ఈ మాట టీచరమ్మ నాతో చెప్పొచ్చుగా?"

"ఒక ఫోన్‌కి ఒక్క పిల్లే అని రూలు పెట్టింది మీరే కదండీ!" అన్నాను.

ఆయన పిల్లల పక్కనే చతికిలబడ్డారు. బుడత చదవడం అయిపోయేదాకా లేవలేదు.

ఆ రూలు పోయింది. ఇప్పుడు ముందు పేరు చెబితే చాలు, ఒకే ఫోన్‌లో ఎవరి పాఠం వాళ్లకు వస్తుంది. మొన్న అందులో ఓ కొత్త గొంతు వినిపించింది, గరగరమంటూ. మర ఆపేసి వచ్చి పిల్లల వెనక కూర్చున్న మర యజమానిది. కంప్యూటర్ ఆయనకు మొదటి అక్షరం ఇచ్చింది.

"సిగ్గెందుకయ్యా, గట్టిగా అను!" అంది టీచరమ్మ.