వనజమ్మ ముట్టని వనజ కప్పు

విదేశాల్లో ఒక గాయని మీద అభిమానంతో వంటాయన ఒకరు పీచ్ పండునూ ఐస్‌క్రీమునూ కలిపి, ఆ గిన్నెకు ఆమె పేరే పెట్టాడని ఒక వీడియోలో చూశాను. చూసి ఊరుకుంటే మర్యాదగా ఉండేది. ఊరుకోకుండా, అలాంటి చరిత్ర మనకూ ఉందని సూర్యాపేటలో మిత్రుల ముందు గంభీరంగా ప్రకటించాను. కోదాడలో ఒక కూల్‌డ్రింకుల దుకాణంలో నేను చిన్నప్పటి నుంచి తింటున్న బత్తాయి పండ్ల గిన్నె పేరు వనజ కప్పు. మరి ఆ వనజ ఎవరని వాళ్లు అడిగారు. డిగ్రీ ఉంది గానీ జవాబు లేదు. అందుకే ఆదివారం పొద్దున్నే బయలుదేరాను.

సూర్యాపేటలో విజయవాడ వైపు వెళ్లే ఏ ఎక్స్‌ప్రెస్ ఎక్కినా గంటకు కాస్త అటూ ఇటూగా కోదాడలో దింపుతుంది. టికెట్టుకు వంద నోటు చాలు. దారంతా హైవే కాబట్టి ప్రకృతి వర్ణన నుంచి పాఠకులకు విముక్తి. దుకాణం పదింటికి తెరుస్తారు. యజమాని ప్రసాద్ గారు యాభై దాటిన మనిషి. బత్తాయి తొనల మీద పొర, గింజ మిగలకుండా ఒలిచి, చిక్కగా మరిగించి బాగా చల్లార్చిన పాలు పోసి, పైన ఐస్‌క్రీము ముద్ద పెట్టి ఇచ్చారు. అరవై రూపాయలు. భక్తిగా తిని, చరిత్ర అడిగాను.

వనజ పద్యనాటకాలు ఆడే కళాకారిణి అట. ప్రసాద్ గారి నాన్న వెంకయ్య గారికి ఆమె గొంతంటే ప్రాణం. ఒకసారి కోదాడలో నాటకానికి వచ్చినప్పుడు, ఆమె కోసమే ఈ గిన్నె కొత్తగా తయారుచేసి, ముందే బోర్డు మీద పేరు కూడా రాయించి, ఆట మధ్యలో తెర వెనక్కి పంపారు. గిన్నెలోది కరిగి, చెంచా కూడా తడవకుండా తిరిగొచ్చింది. వెంకయ్య గారు పేరు తీయలేదు, కానీ పోయేదాకా ఆ మాట తలుచుకుని నొచ్చుకున్నారు.

"రేపు పెయింటరు వస్తున్నాడండి. ఆ పేరు తీసేద్దామనుకుంటున్నా. మా నాన్న అంత ప్రేమగా చేస్తే ముట్టుకోను కూడా లేదావిడ. ఇంకా ఆవిడ పేరెందుకండీ మనకి?" అన్నారు ప్రసాద్ గారు.

ఆమె ఇప్పుడు మిర్యాలగూడలో కూతురి దగ్గర ఉంటున్నారని ఆయనే చెప్పారు. వెళ్లి ఎందుకు ముట్టలేదో అడిగొస్తాను, అప్పటిదాకా ఆగమన్నాను. ఆయన నమ్మకం లేకుండానే ఒక కప్పును ఐసు పెట్టెలో సర్ది ఇచ్చారు. ఒక పండ్ల గిన్నె పరువు నా ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను.

హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా గంటన్నర. సాగర్ కాలువ పక్కన వరి పొలాలు, ఆ తర్వాత ధాన్యం లారీల వరస, తవుడు వాసన. మిర్యాలగూడ బస్టాండు దగ్గర ఆటో ఆయన్ని అడిగితే, "డ్రామాల వనజమ్మనా? ఎక్కు, యాభై ఇయ్యి" అన్నాడు. మిల్లుల వెనక వీధిలో దింపాడు.

వనజమ్మకు డెబ్బై దాటి ఉంటాయి. తన పేరు మీద ఒక తినే వస్తువు ఉందని ఆమెకు ఇవాళే తెలిసింది. పెట్టె తెరిచి చూపించాను. వెంకయ్య గారి సంగతి చెప్పి, ఆ రోజు ఎందుకు ముట్టలేదని అడిగాను.

"ఎవరో పంపిండ్రు, యాదికుంది. ఇంకా నాలుగు పద్యాలుండె నాకు. పాడెటోళ్లు సల్లటిది ముట్టరు బిడ్డా. ఎవరు పంపిండ్రో కూడ ఎవరు చెప్పలె."

ఇప్పుడు నాటకాలు లేవు కదా, తినొచ్చు కదమ్మా అన్నాను. అన్నాక, అనకుండా ఉంటే బాగుండేదనిపించింది.

"నాటకాలు బందయినయ్. నేను బంద్ కాలె," అన్నారామె. రోజూ సాయంత్రం సాధన చేస్తారట, వినేవాళ్లు ఉన్నా లేకున్నా. కప్పు నా వైపు జరిపి, నన్నే తిని చెప్పమన్నారు. తిన్నాను. ఎట్లుందని అడిగారు. చల్లగా ఉందన్నాను. "అది నాకెర్కే. రుచి చెప్పు," అన్నారు. పదిహేనేళ్ల చదువును తోడుగా పిలిచాను. అది రాలేదు.

ప్రసాద్ గారికి ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టి, సంగతంతా చెప్పాను. ఆయన నన్ను వదిలేసి ఆమెతోనే మాట్లాడారు.

"అమ్మా, నేను వెంకయ్య గారబ్బాయినండి," అన్నారు. "ఐసు లేకుండా, పాలు వెచ్చగా పోసి చేస్తే తింటారా అండి?"

"వెచ్చటి పాలల్ల బత్తాయి ఏస్తే ఇరుగుతయ్ గద నాయనా. ఐసు లేక, పండు లేక ఇగ ఏముంటది అండ్ల?"

"మీ పేరుంటుందమ్మా. రేపు ఇంకాస్త పెద్దక్షరాలతో రాయిస్తాను."

వనజమ్మ కొంగు సర్దుకుని, ఫోన్ ఉన్న వైపు రెండు చేతులూ జోడించారు. ఆయనకు కనబడదని ఆమెకు గుర్తు చేయబుద్ధి కాలేదు.

తిరుగు బస్సులో ఆలోచిస్తే దిగులేసింది. అభిమానించిన మనిషి అవమానం అనుకున్నాడు. ఆమెకేమో ఆ గిన్నె ఎవరిదో కూడా తెలియదు. మధ్య దూరం ఒకటిన్నర గంటల బస్సు ప్రయాణం. అది ఎక్కి ఒక్క మాట అడగడానికి ప్రసాద్ గారింట్లో ఎవరికీ మొహం చెల్లలేదు. వెంకయ్య గారు ఉండగా ఈ ఫోన్ మోగి ఉంటే ఎంత బాగుండేదో. నాకు తెలిసినంతలో చరిత్రంటే ఇదే, ఆలస్యంగా అందిన జవాబు.

ఇదే దారిలో వెళ్లాలనుకునేవారికి ఒక సూచన: పొద్దున కోదాడలో కప్పు తిని, సాయంత్రం ఐదింటికల్లా మిర్యాలగూడ చేరుకోండి. సాధన మధ్యలో తలుపు కొట్టకండి. పద్యం పూర్తయ్యాక మాత్రం వీధిలోంచే గట్టిగా వన్స్‌మోర్ అనండి.