క్రేన్ సైగల మీద నడిచిన బాలింత

ఆ దినాలల్ల నాకు తెల్వనిది లేదనుకునేదాన్ని. సుల్తాన్‌పూర్‌ల ఆపరేషన్ సామాన్లు చేసే కంపెనీల, కుట్లేసే దారాలు ప్యాకింగ్ చేసుడు నా పని. ఏ దారం కరిగిపోతది, ఏది తీయించుకోవాలె, అన్నీ నోటికొచ్చు. అందుకే డాక్టరమ్మ "బిడ్డ అడ్డం తిరిగిందమ్మా, సిజేరియన్ చెయ్యాలి" అంటే, "ఏ దారం వాడుతరు మేడం?" అని దర్జాగ అడిగిన. (ఆమె మా ఆయన దిక్కు చూసింది. ఆయన గోడ దిక్కు చూసిండు.) దారం డబ్బాల ఉండుడు వేరు, మన కడుపు మీద ఉండుడు వేరు అని ఆపరేషనైన తెల్లారి సమజైంది.

దగ్గొస్తే పానం పోతది, తుమ్మొస్తే మల్ల పోతది. సిస్టరమ్మ గడియకోసారి వచ్చి వార్డంత వినేటట్టు "గ్యాస్ పోయిందా?" అని అడుగుతది. అది పోతెగని ఇడ్లీ పెట్టరట. సిగ్గు ఏడ పెట్టుకోవాలె? అవన్నీ ఓర్చుకున్న. ఓర్చుకోలేనిది ఒక్కటే. పుట్టంగనే జెర ఆయాసపడుతుండని పిల్లగాన్ని వరండ ఆ కొసకున్న పసిపిల్లల గదిల పెట్టిన్రు. వాని మొఖం నేను సక్కగ చూడనే లేదు. "మెల్లగ లేచి నడువమ్మా, నడిస్తెనే నీకు మంచిది. నడుసుకుంట పోయి కొడుకును చూసుకో" అన్నది సిస్టరమ్మ. మా అమ్మ నెత్తి కొట్టుకున్నది. "కడుపు కోసిన బాలింతను నడిపిస్తరా? కుట్లు ఇప్పుకపోతయి బిడ్డా!" అనుకుంటనే, గాలి సొరొద్దని నా చెవులకు రుమాలు గట్టిగ కట్టింది.

మా ఆయన పటాన్‌చెరు ఫ్యాక్టరీల క్రేన్ కింద నిలబడి, పైన కూసున్న డ్రైవరుకు చేతులతోటి సైగలు చేస్తడు. ఆ మోతల మాట వినపడది గద. ఆ రోజు భయానికి ఆయనకు మాట పడిపోయింది, చేతులు మాత్రం పనిచేసినయి. నా ముంగట ఎనుకకు నడుసుకుంట, రెండు వేళ్లు కలిపి విప్పుతుండు, జెర జెర రా అని. మందుల బండి అడ్డమొస్తే పిడికిలి లేపిండు, ఆగు! నేను ఆగిన. బండి తోసే ఆయమ్మ గూడ ఆగింది. నాకు నవ్వు ముంచుకొచ్చింది. దగ్గొస్తే ఒత్తి పట్టుకొమ్మని సిస్టరమ్మ ఇచ్చిన దిండు కడుపుకు అదుముకొని, "నవ్వియ్యకయ్యా, నీ కాళ్లు మొక్కుత, కుట్లు గుంజుతున్నయి" అన్న. నవ్వుతున్ననో ఏడుస్తున్ననో నాకే తెల్వది. ఎనుకనుంచి అమ్మ "నవ్వకు బిడ్డా, నవ్వకు!" అని కోపం చేసుకుంటనే, కొంగు నోట్లె కుక్కుకున్నది.

గట్ల పోయి పోయి ఆ గదిల కుర్చీల కూసున్న. అక్కడి సిస్టరు పిల్లగాన్ని నా ఒళ్లెకు దించుతుంటే మా ఆయన చెయ్యి గాలిల లేచింది, మెల్లగ, ఇంకా మెల్లగ అని. (ఆమెకు ఆ సైగలు తెల్వయి. అయినా మెల్లగనే దించింది.) వాడు కండ్లు చికిలించి నా దిక్కు చూసిండు. కుట్లు గిట్లు యాదికే లేవు. మస్తు ఏడ్చిన.

నిన్న ఇంద్రేశంల మా ఇంటి ముంగట వాడు సైకిల్ నేర్చుకుంటుండె. "అమ్మా, ఇడిసిపెట్టు" అన్నడు. ఇడిసిపెట్టి, వాని ముంగట ఎనుకకు నడుసుకుంట చూస్తే, నా చెయ్యే లేచి రెండు వేళ్లు కలుపుతున్నది, విప్పుతున్నది. వాడు నన్ను దాటి పోయిండు. పిడికిలి లేపిన. ఆగలే. నవ్వొచ్చింది. ఎనిమిదేండ్లయింది గని, నవ్వొస్తే నా చెయ్యి ఇప్పటికీ ముందుగాల కడుపు మీదికే పోతది.