బొగ్గు, కుంకుమ, పసుపు

తొమ్మిదిలోనే బడి మానేసిన నాకు జర్మన్‌లో తడుముకోకుండా వచ్చిన మాట ఒక్కటే, క్షమించండి. కైసర్స్‌లౌటర్న్‌లో మా నర్సు అక్కకు ఆ ఒక్కటీ తప్ప అన్నీ వచ్చు. జర్మనీ ఏకమైన రోజున ఏటా పార్కులో అక్కడి తెలుగువాళ్లందరికీ చికెన్ కాల్చి పెట్టేది. అంతకుముందే దారి మీద జర్మనీ జెండా రంగుల్లో ముగ్గేసేది, బొగ్గుపొడి, కుంకుమ, పసుపుతో.

ఓసారి ఒక పెద్దాయన ఆగి, ఇది మీ పండగ కాదు, తుడిచేయండి అన్నాడు. నేను క్షమాపణ చెప్పి, కడగడానికి నీళ్ల సీసా అందుకున్నాను. అక్క నా చెయ్యి ఆపి, "నేనుండేది ఈ ఊళ్లోనే, పండగ నాది కూడా" అని జర్మన్‌లో జవాబిచ్చి, మిగిలిన గీత గీసేసింది.

ఆయన వెళ్లాక, "పోలీసులను పిలిచుంటే ఏం చేసేదానివక్కా?" అన్నాను.

"ఆళ్లకూ ప్లేటు పెడుదును. నా భయమంత నీ గురించే తమ్మీ. ఎవరన్న గట్టిగ జూస్తే నిన్ను నువ్వే తుడ్సేసుకునేటట్టున్నవ్."