మర్యాదకి వేసిన అంకె

1968లో నేను విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లు రిక్రియేషన్ క్లబ్బులో గుమాస్తాని. క్యారమ్స్ బల్లకు పౌడర్ చల్లడం దగ్గర్నుంచి చదరంగం పోటీల జాబితా రాయడం దాకా అన్నీ నా నెత్తినే ఉండేవి. ఆ ఏడు మా ఇంజనీరుగారు ఒక విదేశీ పత్రికలో రేటింగ్ లెక్క చూపించి, "మనవాళ్ళకీ పెట్టవయ్యా" అన్నారు.

రేటింగ్ అంటే ఆటగాడి బలానికి ఇచ్చే అంకె. ఇద్దరి మధ్య తేడా నాలుగు వందలు ఉందనుకోండి. పెద్ద అంకెవాడు గెలిస్తే మూడు పాయింట్లే వస్తాయి, ఎలాగూ గెలవాల్సినవాడే కదా. ఓడాడో, ఇరవై తొమ్మిది పోతాయి. పోయినవి రెండోవాడికి చేరతాయి. డ్రా అయినా పెద్ద అంకెవాడి నుంచి చిన్న అంకెవాడికి కొన్ని వెళ్తాయి.

మొదటి అంకెలు మాత్రం అంచనాగా మేమే వేసుకోవాలి. అక్కడే నా మర్యాద కొంప ముంచింది. రాములు మావ మా మిల్లులో రిటైరైన మగ్గాల మేస్త్రీ. మా అందరికీ ఎత్తులు నేర్పింది ఆయనే. డెబ్బై దాటాక ఆట బాగా తగ్గింది. అయినా ఆయన పేరు కింద రాయడానికి నాకు చెయ్యి రాలేదు. అందరికంటే పైన, పద్ధెనిమిది వందలు వేసేశాను.

ఇంకేముంది, పద్నాలుగు వందలవాళ్ళ చేతిలో ఓడిన ప్రతిసారీ ముప్ఫై దాకా ఊడిపోయేవి. వారం వారం గోడమీద జాబితా మార్చేది నేనే. నాలుగో వారం మావ రాలేదు. అత్త పోయాక ఆయనకు మిగిలిన సరదా ఆ సాయంత్రపు ఆటొక్కటే.

మావ ఇంటికెళ్ళి చెప్పేశాను. "తప్పు నాదే మావా. నీ ఆట ఇప్పుడు పద్నాలుగొందలదే. మర్యాదకి పైన రాసీసాను."

"ఏటి మర్యాదరా ఇది? నానొస్తే లేచి నిలబడు, సాలు. ఆడిందే రాయి. పద్నాలుగొందలే ఎయ్యి, రేపొస్తన్నాను."

మర్నాడు, అప్పటికి గెలుస్తూ పద్ధెనిమిది వందలకు చేరిన సింహాచలంతో కూర్చున్నాడు. మాలో గట్టివాడు అతనే. ఓడితే మావకు పోయేది మూడే. ఆ ధైర్యంతోనో ఏమో, మూడు గంటలు పట్టు విడవకుండా ఆడాడు. సింహాచలం ఎంత తంటాలు పడ్డా గెలవలేకపోయాడు. ఆట డ్రా అయింది.

"ఎన్నొచ్చాయిరా?"

"పదమూడు, మావా."

"ఇయి నాయే కదా? నువ్వేసినవి కావు కదా?"

"నీవే మావా."

తలపాగా చెంగుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పదమూడు ముందు నేను ఊరికే ఇచ్చిన నాలుగు వందలు ఎంత తక్కువో నాకప్పుడు తెలిసింది.