రెంటచింతలకు మోసుకెళ్లిన కబురు

మే నెలలో రెంటచింతలకు ఎవరూ సరదాగా వెళ్లరు. 1986లో నాకు తప్పలేదు. మా డ్రిల్లింగ్ జట్టులో పనిచేసిన ఇన్నయ్యది ఆ ఊరే. లడఖ్‌లో వేడినీటి ఊటలున్న ఒక లోయలో, భూమి లోపలి ఆవిరితో కరెంటు తీయవచ్చేమోనని మేం బోర్లు వేసేవాళ్లం. అంత ఎత్తులో గాలి పడక, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, చలికాలంలో ఇన్నయ్య పోయాడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, మంచుకు దారి కూడా మూసుకుపోయింది. అక్కడే మట్టి చేశాం. కడసారి చూపుకు నోచుకోని అతని తల్లి మరియమ్మ, "దగ్గరుండి చూసినోళ్లు ఒక్కరన్నా వచ్చి చెప్పిపోండి" అని కబురు పెట్టింది. సెలవు దొరకగానే అతని ట్రంకుపెట్టె తీసుకుని బయల్దేరాను.

నరసరావుపేటలో ఉదయం ఆరింటికి మాచర్ల బస్సు ఎక్కాను. పిడుగురాళ్ల, గురజాల మీదుగా మూడు గంటల ప్రయాణం, టికెట్టు పది రూపాయల లోపే. పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీల పొగకు కళ్లు మండాయి. పెట్టె కాళ్లకు అడ్డం పడుతోందని కండక్టర్ విసుక్కున్నాడు.

"ఏందయ్యా, ఇల్లంతా మోసుకొచ్చినవా?"

అది ఎవరిదో చెప్పాను. దాన్ని తన సీటు పక్కన పెట్టుకున్నాడు. లగేజీ టికెట్ కొట్టలేదు.

దిగేసరికి తొమ్మిదికే ఎండ చురచురమంటోంది. ఇల్లు చర్చి వెనక వీధిలో. మరియమ్మ నన్ను నీడకు పిలిచి మజ్జిగ ఇచ్చింది. పెట్టె తెరిచి, కొడుకు ఉన్ని స్వెట్టర్ ఒళ్లో పెట్టుకుంది.

"కరెంటు తీస్తామని పోయారు గదా నాయనా. వచ్చిందా?"

"ఇంకా లేదమ్మా. వేడి ఉంది, నీళ్లూ ఉబికి వస్తున్నాయి. అంత దూరాన, ఆ కొండల్లో కరెంటు స్టేషన్ కట్టాలంటే చానా ఖర్చు. ఎప్పటికవుద్దో."

"నా బిడ్డ పోయినా రాలేదా?"

ఆమే మళ్లీ అడిగింది.

"పోనీలే. మట్టి చేసేముందు వాడికి నీళ్లన్నా పోశారా, ఆ మంచులో?"

అప్పుడర్థమైంది నన్నెందుకు పిలిపించిందో. శవానికి ఆఖరి స్నానం చేయించడం ఇంటివాళ్ల పని. అది తన చేతుల మీదుగా జరగలేదని ఆ తల్లి ఇన్ని నెలలూ కుమిలిపోయింది.

"పోశామమ్మా. ఆ ఊట నీళ్లే బక్కెట్లతో తెచ్చి, కాస్త మంచు కలిపి, నేనే పోశాను."

"వెచ్చంగా ఉన్నయా?"

"ఉన్నాయమ్మా."

అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

భూమి వేడితో ఎప్పటికైనా దీపాలు వెలగాలనే కోరుకుంటాను. ఆ లోయలో మేం పడ్డ కష్టమంతటికీ నేను కళ్లారా చూసిన ఫలితం మాత్రం ఒక మనిషికి ఆఖరి స్నానం, అంతే.

మీరూ ఇలాంటి కబురుతో వెళ్లాల్సి వస్తే పొద్దున్నే మొదటి బస్సుకు వెళ్లండి, తిరుగు బస్సు టైము మాత్రం చూసుకోకండి. నేను మధ్యాహ్నం బస్సు వదిలేశాను. సాయంత్రం దాకా ఆమె, నీళ్లు వెచ్చగా ఉన్నాయా అనే అడుగుతూ ఉంది. అడిగినప్పుడల్లా ఉన్నాయనే చెప్పాను.