గులాబీ కాయితం పొట్లాలు

ప్రొద్దుటూరులో బంగారు అంగడి నడిపే జనార్దన శెట్టికి బీపీ ఉంది, షుగరుంది, ఆ రెండింటికీ మించి అంగట్లో పట్టుకున్న అలవాట్లున్నాయి. జమ్మలమడుగు పోవాలన్నా, పులివెందుల పోవాలన్నా ముందు కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చుకుని, మాత్రలన్నీ షీట్లలోంచి ఒలుస్తాడు. ముక్కుపుడకలు చుట్టే గులాబీ కాయితంలో పూటకొక పొట్లం కట్టి బనియను జేబులో దాచుకుంటాడు. ఖాళీ షీట్లు ధూళి డబ్బాలో వేస్తాడు. అంగట్లో ఊడ్చిన ధూళిలో బంగారు పొడి ఉంటుందని ఆ డబ్బాను నెలల తరబడి పారబోయడు. డాక్టరు చీటీ బీరువాలో ఉంటుంది, బీరువా తాళంచెవి మొలతాడుకు ఉంటుంది. బస్సులో అతను జేబు తడుముకునే తీరు చూసి, లోపల బంగారముందనుకుని పక్కసీటువాడు మర్యాదగా జరిగి కూర్చుంటాడు.

మొన్న పులివెందుల బస్టాండులో దిగుతూనే కళ్లు తిరిగి కూలబడ్డాడు. ఆసుపత్రిలో డాక్టరు సుప్రజ, "ఏం మాత్రలు మింగుతాండారు?" అనడిగింది. శెట్టి పొట్లం విప్పి, "ఇది రెండొందల మిల్లీగ్రాములు మేడమ్, ఇది నూటముప్పై. నేనే కాటా పెట్టి చూసినా" అన్నాడు. "తూకం ఎవరికి కావాల? పేరు చెప్పండి. అది తెలీకుండా నేను సూది ఎట్లేసేది?" అందామె. పేర్లు శెట్టికి తెలీవు. ఇంటికి ఫోన్ చేయిస్తే భార్య సుకన్య అంగట్లోకి పరిగెత్తి, ధూళి డబ్బా బోర్లించి, షీట్ల మీది పేర్లు ఒక్కొక్కటే చదివింది. సుప్రజ రాసుకుని సూది వేసింది. ప్రాణం కుదుటపడగానే శెట్టి ఫోన్ అందుకున్నాడు. "సుకన్యా, ఆ షీట్లు ఊరికే పారెయ్యాకు. బాగా దులుపు. పొడి అంటుకోనుంటాది."